నీళ్ల కింద ఊరు, ఒడ్డున దాని పేరు

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో లౌడన్ అనే పాత పట్నం ఉంది. దానికి దగ్గర్లో టెల్లికో సరస్సు. ఆ సరస్సు ఒడ్డున టెల్లికో విలేజ్ అనే ప్రైవేటు నివాస సముదాయం. పేరుకు విలేజే గానీ అది పుట్టి పెరిగిన పల్లె కాదు. 1980ల నడిమిలో ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ ప్లాట్లు వేసి అమ్మితే ఏర్పడింది. ఉద్యోగాలు ముగించుకున్న వాళ్లు చాలామంది వచ్చి అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. కిటికీ తెరిస్తే నీళ్లు, ఒడ్డున కట్టేసిన పడవలు, మూడు గోల్ఫ్ మైదానాలు. ఇళ్ల యజమానుల సంఘం నెలనెలా రుసుము వసూలు చేసి అన్నీ చూసుకుంటుంది.

ఆ మైదానాల్లో ఒకదాని పేరు టోక్వా. ఇంకోదాని పేరు తనాసీ. రోడ్డు పేరు చోటా. ఇవి కంపెనీ పుట్టించిన పేర్లు కావు. చెరోకీ ఆదివాసీల ఊర్ల పేర్లు. ఆ ఊర్లు ఉన్న నేల ఇప్పుడు అదే సరస్సు కింద ఉంది.

చోటా అంటే ఆ ప్రాంతపు చెరోకీలకు పెద్ద ఊరు, తల్లి ఊరు. పెద్దలు కూర్చుని మాట్లాడుకునే సభాగృహం అక్కడే ఉండేది. తనాసీ నుంచే టెన్నెసీ అనే రాష్ట్రం పేరు వచ్చింది. టోక్వా పేరు నదిలో ఉండే డక్వా అనే మహా మత్స్యం కథతో ముడిపడిందని చెబుతారు. ఇంకో ఊరు టస్కీగీ. సెక్వోయా అక్కడ పుట్టాడు. ఇంగ్లీషు చదవడం, రాయడం రాని ఆ మనిషి 1821 నాటికి తన భాషకు సొంతంగా లిపి తయారుచేశాడు. గుంజాల గోండి లిపి గురించి పిల్లలకు చెప్పే టీచర్లు సెక్వోయా గురించి కూడా చెప్పాలి. ఆయన పుట్టిన ఊరూ నీళ్లలోనే పోయింది.

ఆ లోయ చెరోకీల చేతుల్లోంచి ఎలా పోయింది? 1819 ఒప్పందంతో భూమి పోయింది. 1838-39లో సైన్యం మిగిలిన చెరోకీలను తుపాకుల కాపలాలో పడమటికి నడిపించింది. సుమారు 16,000 మందిని తోలితే అందులో 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. కొద్దిమంది మాత్రం కొండల్లో మిగిలిపోయారు. వాళ్ల వారసులకు ఆ లోయ పూర్వీకుల సమాధులున్న చోటు, మందుమూలికలు ఏరుకునే చోటు.

ఆ మిగిలిన బంధాన్ని కూడా ఆనకట్ట మింగింది. టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1967లో టెల్లికో డ్యామ్ పని మొదలుపెట్టింది. ఆ డ్యామ్‌కు సొంతంగా కరెంటు తీసే టర్బైన్ ఒక్కటీ లేదు. కాలువ ద్వారా నీళ్లు పక్క డ్యామ్‌కు మళ్లిస్తారు, అంతే. సరస్సు ఒడ్డు భూముల విలువ పెరుగుతుందన్నది ప్రాజెక్టు లాభాల లెక్కలో ఒక ముఖ్యమైన పద్దు. అంటే ఒడ్డున ప్లాట్లు వేయడం తర్వాత ఎవరికో తట్టిన ఆలోచన కాదు, మొదటి నుంచీ పథకంలో ఉన్నదే.

నడుమ ఒక చిన్న చేప అడ్డం వచ్చింది. స్నెయిల్ డార్టర్ అనే అరుదైన చేప బతుకుతున్న చోటు కాబట్టి డ్యామ్ ఆపాలని 1978లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1979 జనవరిలో ఉన్నతస్థాయి కమిటీ కూడా ఈ ప్రాజెక్టు పెట్టుబడికి తగ్గ ఫలం ఇవ్వదని ఏకగ్రీవంగా తేల్చింది. అయినా చట్టసభ ఒక బడ్జెట్ బిల్లులో చిన్న సవరణ దూర్చి చట్టాల నుంచి డ్యామ్‌ను తప్పించింది. చెరోకీలు కోర్టుకెక్కారు. మా పూర్వీకుల సమాధులు, మా పవిత్ర స్థలాలు ముంచొద్దని అడిగారు. ఆ భూమి మీద మీకు ఆస్తి హక్కు లేదు కాబట్టి మీ మతస్వేచ్ఛ వాదన నిలవదని కింది కోర్టు కొట్టేసింది. 1979 నవంబర్ 29న గేట్లు మూశారు. ఆ లోయ మీ మతాచరణకు కీలకమని రుజువు కాలేదని పై కోర్టు 1980లో చెప్పింది.

చూడండి న్యాయం! ముందు భూమి లాక్కుంటారు. తర్వాత భూమి లేదు కాబట్టి దేవుడూ లేడంటారు. అంతా అయ్యాక దేవుడి పేరు తీసుకెళ్లి గోల్ఫ్ మైదానానికి పెడతారు.

పేర్లయినా మిగిల్చారు కదా, అది గౌరవమే కదా అనేవాళ్లుంటారు. పేరు పెట్టే ముందు ఆ ఇంటివాళ్లను అడగడం గౌరవం. ఇంటివాళ్లను వెళ్లగొట్టి వాళ్ల పేరును గుమ్మానికి తగిలించుకుంటే అది అలంకారం. డ్యామ్ నాటికి అక్కడున్నది తెల్ల రైతులే కదా అని కూడా అంటారు. నిజమే, సుమారు 340 రైతు కుటుంబాలను కూడా లేపేశారు. వాళ్లకూ అన్యాయమే జరిగింది. ఇక్కడే ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. సంస్థ తీసుకున్న భూమి సుమారు 38,000 ఎకరాలు. సరస్సు కింద మునిగింది సుమారు 16,000. మిగతా సగానికి పైగా భూమి మునగనే లేదు. మునగని ఆ భూముల్లోనే నివాస సముదాయం లేచింది. రైతు దగ్గర పొలం ధరకు తీసుకున్న నేలే తర్వాత సరస్సు ఒడ్డు ప్లాటుగా అమ్ముడుపోయింది. అక్కడ ప్రశాంతంగా రోజులు గడిపే ముసలివాళ్ల మీద మనకు కోపం లేదు. వాళ్లకు ఆ ప్రశాంతత ఎవరి ఊరు ముంచి తెచ్చిందో ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మన కోపం ఆ లెక్క మీద.

ఇప్పుడు మన గోదావరి వైపు చూడండి. పోలవరం ముంపులో లక్షకు పైగా కుటుంబాలు లేచిపోవాలి. వాళ్లలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. దేవీపట్నం దగ్గర గండి పోచమ్మ గుడి వరదల్లో మునగడం చూస్తూనే ఉన్నాం. పాపికొండల మీదుగా విహార బోట్లు తిరుగుతూనే ఉన్నాయి. మన మాటలన్నీ ముంపు గురించి, ప్యాకేజీ గురించి, కాలనీ ఇళ్ల గురించే. అవి అడగాల్సినవే. కానీ రిజర్వాయర్ నిండాక మిగిలే ఒడ్డు ఎవరిది? ఈ ప్రశ్న మన సభల్లో వినబడదు. టెల్లికోలో అసలు సరుకు ఒడ్డే.

అదృష్టం ఏమిటంటే చెరోకీలకు లేని ఆయుధాలు కొన్ని మన చేతిలో ఉన్నాయి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి మారకూడదు. 1997 సమతా తీర్పు ప్రకారం ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు కట్టబెట్టకూడదు. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్, నదిలో చేపల హక్కున్న గిరిజనులకు రిజర్వాయర్‌లోనూ ఆ హక్కు ఇవ్వాలంటుంది. అదే చట్టం 101వ సెక్షన్, సేకరించి ఐదేళ్లు వాడని భూమిని అసలు యజమానికి గానీ ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకు గానీ ఇవ్వాలంటుంది. ఆ రెండో ‘గానీ’ దగ్గరే మనం మేలుకుని ఉండాలి. ల్యాండ్ బ్యాంకులోకి పోయిన నేల రేపు టూరిజం పేరుతో, కాటేజీల పేరుతో బయటికొస్తే దాని బోర్డు మీద ‘కోయ విలేజ్’ అని రాసినా మనకు ఒరిగేదేమీ లేదు.

టీచర్లకు ఒక మాట. ముంపు ఊర్ల పిల్లల చేత ఊరి పటం గీయించండి. ప్రతి వాగు, ప్రతి గట్టు, వేల్పు ఉన్న చోటు, పెద్దలను పాతిపెట్టిన చోటు, ఆ పేరు ఎందుకొచ్చిందో అవ్వలను, తాతలను అడిగి మన భాషలో రాయించండి. ఆ పేర్లు మన నోట్లో, మన కాగితం మీద ఉండాలి. యువకులకు ఇంకో మాట. మీ ఊరి నుంచి ఎన్ని ఎకరాలు తీసుకున్నారో, అందులో ఎన్ని మునుగుతాయో సర్వే నంబర్ల వారీగా సమాచార హక్కు కింద అడగండి. ఆ రెండు అంకెల తేడాను గ్రామసభలో చదవండి. మునగని ప్రతి సెంటూ నిర్వాసితులదేనని తీర్మానం రాసి సంతకాలు పెట్టించండి. నీళ్లు నిండాక కాదు, ఇప్పుడే.