బంతికే తగిలింది సార్!

బదిలీల మీద మేము ఎన్ని ఊళ్ళు తిరిగినా, ప్రతి బడి మైదానంలోనూ విన్న మాట ఇది. అవతల ఒక పిల్లవాడు కాలు పట్టుకుని కూలబడి ఉంటాడు. టాకిల్ చేసినవాడు మాత్రం "బంతికే తగిలింది సార్!" అంటాడు.

పిల్లలూ, అది సంజాయిషీ కాదు. ఫుట్‌బాల్ పన్నెండో నియమం చూడండి. అజాగ్రత్తగా టాకిల్ చేస్తే ఫౌల్ మాత్రమే. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా చేస్తే పసుపు కార్డు. మితిమీరిన బలం వాడినా, ఎదుటివాడి భద్రతకు ముప్పు తెచ్చినా ఎర్ర కార్డు. బంతి ముందు తగిలినా, కావాలని చేయకపోయినా శిక్ష తప్పదు.

2010 ప్రపంచ కప్ ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు నైజెల్ డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు షాబీ అలోన్సో ఛాతీకి తగిలింది. రిఫరీ హోవర్డ్ వెబ్ పసుపు కార్డుతో సరిపెట్టారు. తనకు సరిగా కనిపించలేదని, అది ఎర్ర కార్డేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

ఎర్ర కార్డు ఆటను చెడగొడుతుందని కొందరంటారు. మేము ఒప్పుకోము. ఆటను చెడగొట్టేది ఆ దూకుడే.

మన బడుల్లో ఇంకో చిక్కుంది. ఏడాది మధ్యలో బదిలీ మీద వచ్చిన పిల్లవాడికి సాక్ష్యం చెప్పే నేస్తం ఇంకా ఉండడు. పదిమంది ఒక్కటై అరిస్తే వాడి మాట ఎవరికి వినిపిస్తుంది? అందుకే, రేపు ఈల మీ చేతికొస్తే అరుపులు వినకండి, పడినవాడి కాలు చూడండి. తప్పు మీ నేస్తానిదైనా సరే, కార్డు తీయండి.