పాత ప్రసారాలకూ పూర్వాపరాలున్నాయి

మత్తులో ఉండగా నమాజుకు వెళ్లరాదన్న ఆయతును సగమే చదివి, నమాజే వద్దన్నారని వాదించేవాని ముచ్చట మన ఇళ్లలో పెద్దలు చెబుతుంటారు. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఆయతు ఏ సందర్భంలో అవతరించిందో విచారిస్తారు. దానినే 'అస్బాబె నుజూల్' అంటారు. దైవవాణితో దేనినీ పోల్చలేము గాని, ఆ విచారణ పద్ధతి లోకవ్యవహారాల్లోనూ మనకు పనికివస్తుంది.

నేడు పాత దూరదర్శన్ సీరియళ్లు సెల్‌ఫోన్లలోనే దొరుకుతున్నాయి. మన పిల్లలు ఒక తునక చూసి 'టీవీ ఎప్పుడూ మనకు వ్యతిరేకమే' అంటారు. మరొకటి చూసి 'ఆ రోజులే మంచివి' అంటారు. అది ఏ రోజున, దేనికి ముందు, దేని తరువాత ప్రసారమైందో అడిగేవారు తక్కువ.

'తమస్'నే తీసుకోండి. భీష్మ్ సాహ్ని నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన, దేశ విభజన నాటి అల్లర్ల కథ. 1988 జనవరిలో శనివారం రాత్రి వారానికొక భాగంగా మొదలైంది. మసీదు మెట్లపై పంది కళేబరం పడవేయడంతో రగిలిన చిచ్చు ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే వారాల తరబడి ఎదురుచూడాలి. ఈ ఎదురుచూపులోనే నిరసనలు లేచాయి, బొంబాయి హైకోర్టులో స్టే వచ్చింది. తరువాత అదే కోర్టు న్యాయమూర్తులిద్దరు సీరియల్ మొత్తం చూసి, సామరస్యమే దాని సందేశమని స్టే ఎత్తివేశారు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టూ ఏకీభవించింది. నేడు ఒక్క రాత్రిలో అంతా చూసేవారికి, సగమే చూసిన నాటివారి భయం ఎలా అర్థమవుతుంది?

మరొక సంగతి. ఆ శనివారం గడిచి తెల్లవారితే, ఆదివారం ఉదయం అదే దూరదర్శన్‌లో 'రామాయణ్' వచ్చేది. మన ఊళ్లలో అప్పుడు వేరే చానెల్ లేదు. రెండింటినీ ఒకే పట్టికలో పెట్టింది ఒకే ప్రభుత్వ సంస్థ. ఒకదానినే చూపి ఆ కాలాన్ని పొగిడినా, తెగిడినా అర్ధసత్యమే అవుతుంది.

మనకు నచ్చినదానికీ ఇదే కొలత వర్తించాలి. 1990లో వచ్చిన 'ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్' భగవాన్ గిద్వానీ నవలకు రూపం. ఇది కల్పన అన్న ప్రకటనతోనే దానిని ప్రసారం చేశారు. ఆ ప్రకటన కత్తిరించిన తునకను చూసి మన పిల్లవాడు అదే చరిత్ర అనుకుంటే, రేపు నలుగురిలో తలవంపులు అతనికే.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పాత కార్యక్రమం చూసే పిల్లలచేత తేదీ, వారం, వేళ, ముందు వెనుక ఏముందో రాయించండి. ఆనాటి దినపత్రికల్లో టీవీ కార్యక్రమాల పట్టిక అచ్చయ్యేది. గ్రంథాలయాల్లో పాత సంచికలు తిరగేయమనండి. నానీ, దాదీలను అడగమనండి. వార్త వస్తే విచారించమన్నది హుజురాత్ సూరాలోని ఆదేశం. వార్త పాతదైనంత మాత్రాన ఆ బాధ్యత మనకు తప్పదు.