కొల్లేటి గట్టున తూనీగలు

వానలు తగ్గుముఖం పట్టిన దినాలలో కొల్లేటి గట్టున పసుపువన్నె తూనీగల గుంపును చూచాము. అవి వాలడం బహు అరుదు. రెక్కలు చాచి గాలిమీద తేలుతూనే ఉంటాయి. ఈ జాతి తూనీగలు ఈశాన్య గాలుల సాయంతో మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికాకు పోతాయని చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో వివరించారు. రానుపోను ప్రయాణం ఒక్క తూనీగ వల్ల కాదు. తరం వెంట తరం సాగిస్తుంది. వాననీటి గుంటలలో ఇవి గ్రుడ్లు పెడతాయి. పుట్టిన పురుగులు దోమపిల్లలను తిని, గుంట ఎండకముందే, కొద్ది వారాలలోనే రెక్కలు తొడుగుతాయి.

తల్లిదండ్రులారా, ఆ గుంటలలో పురుగుమందు డబ్బాలు కడగకండి. పిల్లలు తూనీగ తోకకు దారం కడుతుంటే వారించి, అది పోవలసిన దూరం ఎంతో చెప్పండి.