అందరి తోట

ఉద్యానవన వర్ణన లేనిదే మన ప్రబంధ కవులకు తృప్తి లేదు. పురం, సముద్రం, ఋతువులు, చంద్రోదయం మొదలైన అష్టాదశ వర్ణనలలో దానికీ ఒక స్థానం ఉన్నది. ఆ తోటలలో నాయికలు చెలికత్తెలతో కూడి పూలు కోస్తారు. నాయకులు విరహతాపంతో చల్లని నీడలు వెదకుతారు. సామాన్యుడు అందులో అడుగుపెట్టాలంటే తోటమాలి అయినా కావాలి, పూలు కోసే పరిచారిక అయినా కావాలి. పాతికేళ్లకు పైగా ఆ పద్యాలు పాఠం చెప్పిన నాకు, నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ ద్వారం దాటినప్పుడల్లా ఆశ్చర్యం కలుగుతుంది. ఈ తోట పూర్వనామం బాగే ఆమ్. ఇక్కడ ‘ఆమ్’ అంటే మామిడి కాదు, సర్వజనులు. నిజాముల ఏలుబడిలోని రాజధానిలో ఒక తోటకు ‘అందరిదీ’ అని పేరు పెట్టడం సామాన్యమైన విషయం కాదు.

హైదరాబాదులో తోటలు చూడవలసిన కాలం చలికాలమే. గత డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం కొందరు విద్యార్థులతో ఆబిడ్స్ వెళ్లాను. ఆ రోజు మూసి ఉన్న దుకాణాల ముందు, కాలిబాటల మీద, పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. కొన్నవి సంచిలో వేసుకొని నాంపల్లి స్టేషను మీదుగా నడిచి తోటకు చేరుకున్నాం. ద్వారం దగ్గర ఒక అబ్బాయి జేబు తడుముకుంటూ, “టికెట్ ఎంత సార్?” అన్నాడు. “టికెట్ లేదు బాబూ, రా” అన్నాను. అతడు నమ్మలేక అటూ ఇటూ చూశాడు. అతని తప్పేమీ లేదు. డబ్బు చెల్లించకుండా కాసేపు కూర్చోదగిన చోటు ఈ తరానికి మనం ఎక్కడ మిగిల్చాం?

లోపల మంచు అప్పుడే విడిపోతున్నది. ఎండపొడ పడిన బెంచీలను వెదకి, మంకీ టోపీలు ధరించిన వృద్ధులు కూర్చున్నారు. రైలు దిగి వచ్చిన ఒక కుటుంబం మూటలు పక్కన పెట్టుకొని చెట్టు కింద సద్ది విప్పింది. ఏ ప్రబంధంలోనూ ఈ కుటుంబానికి చోటు దొరకలేదు.

ఈ తోటలో భవనాలకు కొదవ లేదు. ప్రజల చందాలతో నిర్మితమై 1913లో పూర్తయిన టౌన్ హాలు తరువాతి కాలంలో శాసనసభ అయింది. 1924 నాటి షాహీ మసీదు, జూబిలీ హాలు, 1930లో ఏర్పడిన మ్యూజియం, పిల్లల కోసం 1966లో వెలసిన జవహర్ బాలభవన్, ఆరుబయలు రంగస్థలమైన లలిత కళాతోరణం - అన్నీ ఈ ఆవరణకు చెందినవే. మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని చూడడానికి వచ్చినవారు చెట్లను కూడా చూసిపోతారు కదా అని వాదించవచ్చు. కాదనను, మా విద్యార్థులలో సగం మంది దాని కోసమే వచ్చారు. అయితే ఒక్కొక్క కట్టడానికీ ఒక ప్రహరీ, ఒక కావలి, వాహనాలకు కొంత జాగా కావాలి. అవన్నీ తోట నుండి తీసుకున్నవే.

మన పెద్దలు ఈ విషయం ఎరుగనివారు కారు. నుమాయిష్ అని మనం పిలుచుకొనే ప్రదర్శన 1938లో ఈ తోటలోనే పుట్టింది. ఎదిగిన తరువాత, 1946లో, దానిని ఇప్పటి మైదానానికి మార్చారు. ఒకప్పుడు ఇక్కడ జంతుప్రదర్శనశాల కూడా ఉండేది. 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల ప్రజలకు తెరుచుకోవడంతో జంతువులు అక్కడికి తరలిపోయాయి. మొహర్రం ఊరేగింపులో బీబీకా ఆలంను మోసిన రాణి అనే ఏనుగు వాటిలో ఒకటి. అది 2021లో కన్నుమూసింది. తోటలో ఇమడని వాటిని మరొక చోటికి పంపిన ఆ వివేకం ఇప్పుడు ఎందుకు కొరవడాలి? 2022లోనూ 2024లోనూ సెప్టెంబరు 17 నాటి ప్రభుత్వోత్సవాలు ఇక్కడ జరిగాయి. ఉత్సవాలు జరగవలసినవే. కాని నగరంలో మైదానాలు ఉండగా, భద్రత కోసం సామాన్యులను ఆపవలసిన వేడుకకు సామాన్యుల పేరు గల తోటనే ఎంచుకోవడం నాకు రుచించదు. ఇక ఈ నేలపై మరొక్క గోడ లేవరాదని, ఉన్న పచ్చిక వాహనాల పాలు కారాదని నా నిశ్చితాభిప్రాయం.

ఇందులో మీ పాలు కూడా ఉన్నది. జనం రాని తోటను ఖాళీ స్థలంగా లెక్కగట్టడం అధికారులకు సులభం. రోజూ నూరుమంది యువకులు పుస్తకం పట్టుకొని కూర్చొనే పచ్చిక మీదికి యంత్రాన్ని పంపాలంటే ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

టికెట్ అడిగిన అబ్బాయి మరునాడు తరగతి ముగిశాక నా దగ్గరకు వచ్చాడు. చిన్నప్పుడు ఆ తోటలోనే ఏనుగును చూశానని వాళ్ల నాయనమ్మ చెప్పిందట. సంక్రాంతి సెలవులలో ఆమెను వెంటబెట్టుకొని వస్తానని, ఏనుగు కట్టిన చోటు ఏదో ఆమెనే అడిగి తెలుసుకుందామని అన్నాడు.