జపాను కొండలు – మా ఆడుబిడ్డ జాబు

మా ఆడుబిడ్డ జపాను దేశమునందలి మత్సుమోతో పట్టణమున, కొలతల పనిముట్లు చేయు నొక కర్మాగారములో ఉద్యోగము చేయుచున్నదని ఇదివరలో ఈ పుటలయందు వ్రాసియుంటిని. ఫోనులో కుశలప్రశ్నలు జరుగుచునే యున్నను, గడచిన ఆగస్టు మాసాంతమున ఆమె కాగితముపై నాలుగు పుటల జాబు వ్రాసి నా పేర పంపినది. చివరి పుటలో “వదినగారూ! అమ్మతో చెప్పవలదు” అని యున్నది. ఆ యొక్క వాక్యము మూడు రాత్రులు నాకు నిద్ర పట్టనీయలేదు.

సంగతి యేమనగా, ఆమె సెలవు దినములలో పర్వతారోహణము చేయుచున్నది. మా అత్తగారు మాత్రము కూతురు కొండమీది కోవెలలు చూడబోవుచున్నదని తలచుచున్నారు. అట్లు తలచునట్లు చేసినవారము మేమిరువురమే.

మత్సుమోతోకు పడమట నున్న పర్వతపంక్తిని జపాను ఆల్ప్సు అందురు. 1888లో ఆ దేశమునకు వచ్చిన వాల్టరు వెస్టను అను ఆంగ్ల మతబోధకుడు తన కొలువు చేసికొనుచునే ఈ కొండల నెక్కి, 1896లో వానిగూర్చి గ్రంథము ప్రకటించెను. కావున పరదేశమున పనిచేయువారు కొండలెక్కుట నేటి వింత కాదు. స్త్రీల కథ వేఱు. ఫ్యూజీ మొదలగు పవిత్ర పర్వతములపైకి స్త్రీలు పోరాదను కట్టుబాటును ప్రభుత్వము తొలగించినది 1872లో. అదే దేశపు వనిత జున్కో తబెయి, ఇంట మూడేండ్ల కూతురుండగా, 1975 మే 16వ తేదీన ఎవరెస్టు శిఖరము చేరిన మొదటి స్త్రీ యైనది. అంతకు పండ్రెండు దినములకు ముందే ఆమె గుడారముపై మంచుపెళ్లలు విరిగిపడినవి. ఈ సంగతులన్నియు మా ఆడుబిడ్డ నాకు పలుమారులు వినిపించినవే.

ఉద్యోగమునకు భంగము కలుగదా యని మీరడుగవచ్చును. అచ్చటి చట్టము ననుసరించి, ఆరు మాసములు సక్రమముగా పనిచేసినవారికి ఏటికి పది దినముల వేతనముతోడి సెలవు లభించును. 2016 నుండి ఆగస్టు 11వ తేదీ ‘పర్వతదినము’ అను పేర జాతీయ సెలవుదినమైనది.

ఈ సెలవునకు ముందు వెనుకల రెండు దినములు కలుపుకొని, పనిచోటి స్నేహితురాండ్రిద్దరితో ఆమె యారిగాతకె యను 3180 మీటర్ల శిఖరమునకు బయలుదేరినదట. యారి యనగా ఆ భాషలో బల్లెము. రైలు దిగి, బస్సెక్కి, కామికోచి యను లోయ చేరవలెను. ఆ దారిని సొంత మోటారులను పోనీయరు. బయలుదేరుటకు ముందు తాము పోవు మార్గము, తిరిగివచ్చు దినము, తోడివారి పేర్లు కాగితముపై వ్రాసి దారి మొదట నుంచిన పెట్టెలో వేయవలెను. ఆ మండలమున నిర్ణయింపబడిన కొండదారులకు 2016 నుండి ఇట్లు తెలుపుట తప్పనిసరి. ఎవరైన రాకున్నచో ఎచ్చట వెదుకవలెనో దానివలన తెలియును. వేసవిలో మధ్యాహ్నము పిడుగులు పడుట కలదు గనుక, తెల్లవారకమునుపే నడక మొదలిడి, ప్రొద్దుండగనే కొండమీది బసకు చేరుదురు. అచ్చట పెందలకడ భోజనము, వరుసగా పఱచిన పరుపులపై నిద్ర.

రెండవ రాత్రి వారు శిఖరపాదమునందలి బసకు చేరిరి. అచ్చటినుండి ఇనుప నిచ్చెనల మీదుగా శిఖరమునకు అరగంట దూరము. తెల్లవారుసరికి దట్టముగా మేఘము క్రమ్మి ఉఱుములు వినవచ్చినవి. “కొందఱు ఎక్కిరి, వదినగారూ! నా కాలు నిచ్చెనపై నుండెను. ఇనుప నిచ్చెన, పైన ఉఱుము. మరునాడు పనికి పోవలెను గనుక వేచియుండుటకు వీలులేదు. దిగివచ్చితిని. దారి పొడుగున ఏడ్చితిని” అని వ్రాసినది.

నేను పుట్టినింట నాన్నగారి యొద్ద చదివిన కుమారసంభవము జ్ఞప్తికి వచ్చినది. తపస్సునకు పోవలదని తల్లి మేన వారించుటచేతనే పార్వతికి ఉమ యను పేరు కలిగినదని కాళిదాసు చెప్పినాడు. ఆ కూతురు చాటుగా పోలేదు. తండ్రి యనుజ్ఞ గొని పోయినది. మేము చేసినది చాటుపని. రేపు ఏదేని కీడు మూడినచో నేను ఆ తల్లికి ఏ మొగముతో చెప్పగలను?

నాలుగవనాడు అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీయుచుండగా, ప్రక్కన కూర్చుండి జాబు మొదటినుండి చివరివరకు చదివితిని. “చెప్పవలదు” అను మాటనుగూడ విడువలేదు. వారి చేతులు ఆగినవి. చాలసేపు పలుకలేదు.

“ఎన్నాళ్లనుండి?”

“రెండేండ్లు, అత్తయ్యగారూ.”

“నీకు మొదటినుండి తెలుసునా?”

“తెలుసును.”

నాకు దక్కవలసిన చీవాట్లు దక్కినవి. అవి వ్రాయను. పిదప వారు, “అరగంట దూరములో నుండియు దిగివచ్చినదా?” యని మఱల అడిగిరి. ఔనంటిని. “పంతముపట్టిన పిల్ల. చిన్ననాడు మేడమెట్లు సగమెక్కి దిగుమన్న దిగెడిది కాదు” అని కన్నులు తుడుచుకొని, మఱల కాయ చేతబట్టిరి. “ఆ పెట్టెలో వేయు కాగితమున్నదే, అటువంటిది బయలుదేరుటకు ముందు నాకును ఒకటి పంపుమని వ్రాయుము. తిరిగివచ్చిన గంటలో ఫోను చేయుమనుము.”

పోవలదని వారనలేదు. పొమ్మనియు అనలేదు.

సోదరీమణులారా! దూరదేశమున నున్న ఆడుబిడ్డలు, చెల్లెండ్రు మనకు రహస్యములు చెప్పుకొందురు. వారి సంతోషములను దాచవచ్చును గాని, వారి ప్రాణమునకు సంబంధించిన దానిని పెద్దల కెఱుక లేకుండ మనయొద్ద నుంచుకొనరాదని నాకు తోచినది. ఆడుబిడ్డకు నామీద కోపము వచ్చినది. వారము దినములు పలుకలేదు. నిన్నటి దినమున అత్తగారి పేర మొదటి కాగితము వచ్చినది. దానిని వారు పంచాంగములో పెట్టుకొన్నారు.