విజేతకు చెల్లింపవలసిన ఋణము

గెలిచినవాని మెడలో పూలమాల వేయుట సులభము. ఊరంతయు ఉత్సాహముతో నున్నపుడు మన చేతులును వానియంతట అవియే లేచును. అట్టివానికే పిమ్మట అన్యాయము జరిగినప్పుడు ఆతని ప్రక్కన నిలుచుట కష్టము. ఒక జాతి తన వీరులను నిజముగా గౌరవించినదా లేదా యను ప్రశ్నకు సమాధానము ఈ రెండవ పనియందే దొరకునని నా అభిప్రాయము. జర్మను వ్యాయామవీరుడగు ఆల్ఫ్రెడ్ ఫ్లాటో చరిత్రము ఇందుకు నిదర్శనము.

ఫ్లాటో 1869వ సంవత్సరమున డాన్జిగు నగరమందు ఒక యూదుల కుటుంబమున జన్మించెను. యౌవనమున బెర్లిను చేరి, అచ్చటి వ్యాయామ సంఘమున సభ్యుడై ప్రసిద్ధి గాంచెను. ఆ కాలపు జర్మనీయందు వ్యాయామము కేవలము వినోదము కాదు. 1811లో ఫ్రీడ్రిఖ్ లుడ్విగ్ యాన్ బెర్లిను చెంత హాజెన్‌హైడెయందు ఆరుబయట వ్యాయామశాల నెలకొల్పినది మొదలు, అది దేశభక్తికి గురుతుగా ఎంచబడుచుండెను.

1896లో ఏథెన్సు నగరమున ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొదటిసారి జరిగినవి. ఇవి అన్యదేశీయుల ప్రయత్నమని తలంచి, జర్మను వ్యాయామ మహాసంఘము వానికి విముఖమయ్యెను. అయినను ఫ్లాటో, ఆతని జ్ఞాతియగు గుస్టావ్ ఫెలిక్స్ ఫ్లాటో మొదలగువారు వెనుదీయక ఏథెన్సునకు పోయిరి. పారలల్ బార్లు అను జంటకమ్మీలపై ఆల్ఫ్రెడ్ ప్రథముడయ్యెను; అడ్డుకమ్మీపై ద్వితీయ స్థానము పొందెను. రెండు జట్టుపోటీలలోను జర్మనులే గెలిచిరి. వానిలో అడ్డుకమ్మీ పోటీకి వేరొక జట్టే రాలేదు. కాని జంటకమ్మీలపై వారు గ్రీకు జట్లను ఓడించిరి. ఇంత కీర్తి తెచ్చినవారిని స్వదేశపు మహాసంఘము మెచ్చుకొనలేదు సరికదా, కొంతకాలము వెలివేసెను.

ఇది చిన్న కష్టము. పెద్ద కష్టము 1933లో వచ్చెను. హిట్లరు అధికారమునకు వచ్చిన కొలది కాలమునకే వ్యాయామ సంఘములు యూదులను తమ పట్టికలనుండి తొలగించెను. ఫ్లాటోకు తాను పెరిగిన సంఘమునందే చోటు లేకపోయెను. 1942 అక్టోబరులో, డెబ్బదిమూడేండ్ల ఆ వృద్ధుని టెరెజిన్‌స్టాట్ నిర్బంధ స్థలమునకు పంపివేసిరి. ఆ డిసెంబరు నెలలోనే ఆతడు మరణించెను. హాలండునకు పారిపోయిన గుస్టావ్ ఫెలిక్స్ సయితము పట్టుబడి, 1945 జనవరిలో అచ్చటనే ఆకలికి బలియయ్యెను.

"నిరంకుశ ప్రభుత్వమునెదుట సామాన్యులేమి చేయగలరు?" అని కొందరు వాదింతురు. 1942లో ప్రాణభయము మిక్కుటమై యుండెననుట నిజమే. కాని 1933 ఏప్రిలులో జర్మను వ్యాయామ మహాసంఘము యూదులను తొలగింప నిశ్చయించినది ప్రభుత్వ శాసనము నిర్బంధించుటచేత గాదు. తనంతట తానే ముందుకు వచ్చి ఆ పని చేసెను. అప్పుడు కావలసినది ప్రాణత్యాగము కాదు. పట్టికనుండి ఒక పేరును కొట్టివేయునపుడు "ఇది తగదు" అని సహసభ్యులు పలుకుటయే. ఆ మాట పలుకుటకు ముందుకు వచ్చినవారు అరుదు. ఘోరములు మహాఘోరములుగా పుట్టవు. చిన్న మౌనముల నీడలో పెరుగును.

ఒలింపిక్ క్రీడలకు నూరేండ్లు నిండిన 1996లో జర్మనీ ఈ ఇరువురి చిత్రములతో తపాలా బిళ్ల నచ్చొత్తెను. 1997లో బెర్లిను ఒలింపిక్ క్రీడాంగణము చెంతనున్న వీథికి ఫ్లాటో పేరు పెట్టెను. చనిపోయినవారికి వీథిపేరుతో ప్రయోజనమేమని అడుగవచ్చును. వారికి లేదు, బ్రతికియున్నవారికి కలదు. ఆ వీథిన క్రీడలు చూడబోవు బాలుడు "ఈ ఫ్లాటో ఎవరు?" అని అడిగినచో, పెద్దలు నిజము చెప్పక తప్పదు. తప్పును దాచక చెప్పుకొనుట ఒక జాతికి తలవంపు కాదు; అదియే దాని ఆరోగ్యము.

కాని ఆలస్యపు గౌరవము ఋణమునకు వడ్డీ వంటిది, అసలు కాదు. అసలు చెల్లింపవలసిన దినము 1933లోనే గడచిపోయెను. బాలబాలికలారా! మీ జట్టులో ఎవనినైనను పుట్టుకను బట్టి ప్రక్కకు నెట్టుచున్నప్పుడు, వాడు గెలిచిననాడు మీరు కొట్టిన చప్పట్లను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ చప్పట్లు నిజమైనవో కావో తేలునది ఆ క్షణముననే.