ఊటకి దారి అడుక్కోవద్దు



రవికమతం, గొలుగొండ వైపు చాలా కొండ ఊళ్లు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. అక్కడ మనకి 1/70 లేదు, పెసా లేదు. భూమి చేతులు మారుతుంది, కొన్నవాళ్లు జీడితోట చుట్టూ కంచె వేస్తారు. ఊట అవతల ఉండిపోతుంది. మన అమ్మలు బిందెలు పట్టుకొని "బాబూ, కాస్త దారివ్వండి" అని బతిమాలుతారు.

ఆ బతిమాలడమే మనకి నష్టం అంటున్నాం మేం. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం సెక్షన్ 15 చదవండి. పక్కవాళ్ల భూమిలోంచి 20 ఏళ్లు బహిరంగంగా, తగువు లేకుండా, ఆగకుండా, హక్కుగా నడిస్తే ఆ దారి మన హక్కు. ప్రభుత్వ భూమైతే 30 ఏళ్లు. కానీ అనుమతి తీసుకొని నడిచిన ఏళ్లు ఈ లెక్కలోకి రావు. అడ్డు పెట్టారని తెలిసి ఏడాది ఊరుకున్నా లెక్క తెగిపోతుంది.

"అడిగితే ఇస్తున్నారు కదా, గొడవెందుకు?" అంటారు కొందరు. రేపు ఆయన ఆ తోట అమ్మేస్తే? పలకరించడం వేరు, అడుక్కోవడం వేరు.

కంచె వేసింది మనవాళ్లే అయితే ముందు పెద్దల దగ్గర కూర్చుందాం, దారి ఉందని రాయించుకుందాం. బయటివాళ్లు మనల్ని ఊట, బావి అందరితో సమానంగా వాడుకోనివ్వకపోతే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

సెలవులకి ఊరెళ్లినప్పుడు అవ్వల్ని, తాతల్ని అడగండి: ఏ దారి, ఎన్నేళ్ల నుంచి, ఎవరెవరు నడిచారు? తేదీ వేసి రాయండి, ఫొటోలు తీయండి. కంచె పడకముందే ఈ పని చేద్దాం.

జై ఆదివాసీ!